రిసీవర్‌లో రొద ఎక్కడ పుడుతోందో తేలాకే మార్పులు చేయాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ విజ్ఞాన పేజీలో హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం నడిపే సొంత రేడియో స్టేషన్) గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివి ఎంతో సంతోషించాను. తెలుగు పత్రికల్లో ఈ అభిరుచికి చోటు దొరకడమే అరుదు. అలాంటిది లైసెన్సు ఎవరిస్తారో, పరీక్షకు ఎలా సిద్ధం కావాలో కూడా అందులో ఓపికగా వివరించారు. అయితే వ్యాసం చివర కొత్తవారికి ఇచ్చిన ఒక సలహా గురించి రాయక తప్పడం లేదు. రిసీవర్‌లో సుయ్‌మనే రొద ఎక్కువగా ఉంటే యాంటెన్నాకూ సెట్టుకూ మధ్య ఒక ప్రీయాంప్లిఫయర్ (సిగ్నల్‌ను సెట్టులోకి వెళ్ళకముందే పెంచే చిన్న యాంప్లిఫయర్) పెట్టుకోమని అందులో సూచించారు. మన దగ్గర కొత్తగా లైసెన్సు పొందినవారిలో చాలామంది మొదట దిగేది 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లోకే. అక్కడ ఈ సలహా పాటిస్తే రొద తగ్గదు సరికదా, అప్పటిదాకా వినిపిస్తున్న బలహీనమైన స్టేషన్లు కూడా వినపడకుండా పోవచ్చు. సొంత చేతులతో రిసీవర్లు కట్టుకునే పిల్లలు ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకూడదనీ, అంతకంటే ముఖ్యంగా తమ సెట్టు మీద నమ్మకం పోగొట్టుకోకూడదనీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్పీకర్‌లో మనం వినే రొద అంతా ఒకేచోట పుట్టదు. కొంత యాంటెన్నా ద్వారా బయటి నుంచి వస్తుంది. మిగిలింది రిసీవర్‌లోని ట్రాన్సిస్టర్లూ, రెసిస్టర్లూ, ఐసీలూ పుట్టించేది. ఏ రెసిస్టర్ అయినా, దాని గుండా కరెంటు పోకపోయినా సరే, కేవలం ఉష్ణోగ్రత వల్లనే కొంత రొద పుట్టిస్తుందని బెల్ ప్రయోగశాలలో జాన్సన్ కొలిచి చూపితే, అది ఎందుకు అంతే ఉండాలో నైక్విస్ట్ లెక్కకట్టి చెప్పారు. ఇద్దరి పత్రాలూ 1928లోనే వెలువడ్డాయి. మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర ఈ రొద ప్రతి హెర్ట్జ్ వెడల్పుకూ మైనస్ 174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత) ఉంటుంది. మాటలు వినడానికి వాడే 2.4 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ వెడల్పుకు లెక్కిస్తే అది దాదాపు మైనస్ 140 డీబీఎం అవుతుంది. రిసీవర్‌ను ఎంత గొప్పగా కట్టినా దాని ఇన్‌పుట్ దగ్గర ఉండే నేలమట్టం ఇదే. ఈ మట్టానికి రిసీవర్ తనవంతుగా ఎన్ని డెసిబెల్స్ కలుపుతుందో దాన్నే నాయిస్ ఫిగర్ అంటారు.

ఇప్పుడు బయటి సంగతి చూద్దాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో రొదపై ఇచ్చిన సిఫారసులోని సూత్రం ప్రకారం, 7 మెగాహెర్ట్జ్ దగ్గర నివాస ప్రాంతాల్లో మనుషుల పరికరాల నుంచి వచ్చే రొద ఈ నేలమట్టానికి సుమారు 49 డెసిబెల్స్ పైన ఉంటుంది. పల్లెల్లోనైనా అది 44 డెసిబెల్స్ దాకా ఉంటుంది. నలభై డెసిబెల్స్ అంటేనే శక్తిలో పదివేల రెట్లు. ఆ సూత్రానికి ఆధారమైన కొలతలు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, మిద్దెల మీది సోలార్ ఇన్వర్టర్లు ఇంతగా పెరగకముందు తీసినవి కాబట్టి, ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంట్ పైన కట్టిన యాంటెన్నాకు అంతకంటే తక్కువ రొద వస్తుందని నేను అనుకోను. వేసవి సాయంత్రాల ఉరుములూ మెరుపులూ దీనికి అదనం. ఇలాంటి చోట రిసీవర్ నాయిస్ ఫిగర్ 15 డెసిబెల్స్ ఉన్నా, దాన్ని 3కు తగ్గించినా చెవికి తేడా తెలియదు. బయటి రొద దాన్ని ముంచేస్తుంది. ప్రీయాంప్లిఫయర్ చేసే పని సిగ్నల్‌నూ, బయటి రొదనూ ఒకే పాళ్ళలో పెంచడమే గనుక, వాటి నిష్పత్తిలో మార్పేమీ రాదు.

నష్టం మాత్రం తప్పకుండా వస్తుంది. మన దేశంలో హామ్‌లకు కేటాయించిన భాగం 7.2 మెగాహెర్ట్జ్ దగ్గర ముగియగానే అంతర్జాతీయ షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాల భాగం మొదలవుతుంది. చీకటి పడ్డాక అక్కడి ప్రసారాలు మన హామ్ స్టేషన్లకంటే ఎన్నో రెట్లు బలంగా వస్తాయి. వాటన్నిటినీ ఇంకో 15, 20 డెసిబెల్స్ పెంచి మిక్సర్ (వచ్చిన సిగ్నల్ ఫ్రీక్వెన్సీని మార్చే స్టేజి) మీదికి వదిలితే, అది తట్టుకోలేక, ఎక్కడా లేని కలగాపులగపు సిగ్నళ్ళను తానే తయారు చేస్తుంది. అలా పుట్టిన మోతను కూడా కొత్తవారు రొదే అనుకుని, మరింత పెద్ద యాంప్లిఫయర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీలో వెతకడం నేను చూశాను. నిజానికి ఆ సమయంలో వారికి కావలసింది యాంటెన్నా వైపు అన్నిటినీ 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్. అది మూడు రెసిస్టర్లతో అయిపోతుంది.

కాబట్టి సెట్టు మూత విప్పేముందు ఎవరైనా చేయవలసిన పరీక్ష ఒకటుంది. యాంటెన్నా తీసేసి, దాని స్థానంలో 50 ఓమ్‌ల లోడ్ పెట్టాలి. 100 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు రెండింటిని పక్కపక్కన కలిపి టంకం వేస్తే చాలు. ఏజీసీ (సిగ్నల్ బలాన్ని బట్టి శబ్దాన్ని తానే సర్దే ఏర్పాటు) ఉంటే ఆపేసి, స్పీకర్ కొసల మధ్య మల్టీమీటర్‌ను ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి రీడింగ్ రాసుకోవాలి. తరువాత వాల్యూమ్ కదపకుండా యాంటెన్నా తగిలించి, స్టేషన్ ఏదీ లేని చోటికి ట్యూన్ చేసి మళ్ళీ చదవాలి. చవక మీటర్లు ఇలాంటి రొదను ఖచ్చితంగా కొలవలేవన్నది నిజమే కానీ, మనకు కావలసింది రెండు రీడింగుల నిష్పత్తి మాత్రమే కాబట్టి ఆ లోపం పెద్దగా అడ్డురాదు. యాంటెన్నా తగిలించగానే వోల్టేజి మూడు రెట్లు దాటితే, అంటే సుమారు 10 డెసిబెల్స్ పెరిగితే, రిసీవర్ సొంత రొదను పూర్తిగా తుడిచిపెట్టినా మనకు దక్కేది అర డెసిబెల్ కూడా ఉండదు. అప్పుడు వెతకవలసింది ఇంట్లోని చార్జర్లనూ, వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌నూ. పెరుగుదల 3 డెసిబెల్స్ మాత్రమే ఉంటే మొత్తం రొదలో సగం సెట్టుదేనని అర్థం. అప్పుడు లోపల చేసే పనికి ఫలితం ఉంటుంది. ఈ పరీక్షను ఆ బ్యాండ్ అతి నిశ్శబ్దంగా ఉండే వేళలోనే చేయాలి. 7 మెగాహెర్ట్జ్‌కు మిట్టమధ్యాహ్నం అలాంటి వేళ.

ఇంత చెప్పినంత మాత్రాన రిసీవర్ లోపలి రొద పట్టించుకోదగింది కాదని నా ఉద్దేశం కాదు. ఇంట్లో కట్టిన సెట్లలోనూ, కిట్లలోనూ అది నిజమైన సమస్యే. యాంటెన్నా తీసేసినా తలనొప్పి పుట్టించేంత సుయ్‌మనే మోత వినపడే సెట్లు చాలా ఉన్నాయి. గంటసేపు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవారికి ఆ మోత తగ్గడం ఎంత పెద్ద ఉపశమనమో అనుభవించినవారికే తెలుస్తుంది. అయితే ఆ మోత ఎక్కువసార్లు పుట్టేది యాంటెన్నా చివర కాదు, స్పీకర్ చివర. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వినండి. అప్పటికీ మోత తగ్గకపోతే, అది వాల్యూమ్ కంట్రోల్ తరువాత ఉన్న ఆడియో ఐసీలో పుడుతున్నట్టే. వాల్యూమ్‌తోపాటు తగ్గితే దానికి ముందున్న స్టేజీల్లో వెతకాలి. ఆ తరువాత ఒక్కో స్టేజి ఇన్‌పుట్‌ను కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కు కలుపుతూ వెనక్కి వెళ్తే, ఎక్కడ కలిపినప్పుడు మోత ఆగలేదో ఆ చోటికీ స్పీకర్‌కూ మధ్యే దోషి ఉంటుంది.

చిన్న రిసీవర్లలో ఆడియోకు దాదాపు అందరూ వాడేది ఎల్‌ఎం386 అనే యాంప్లిఫయర్ ఐసీ. ఇది చవక, ఎక్కడైనా దొరుకుతుంది, 12 వోల్టులకు సరిపోతుంది. దాని 1, 8 పిన్నుల మధ్య ఏమీ పెట్టకపోతే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే రెట్లు) 20. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200. సెట్టు కట్టేవారు ముందు స్టేజీల్లో గెయిన్ తక్కువైందనిపించగానే ఆ కెపాసిటర్ పెట్టేస్తారు. ఐసీ సొంత రొద కూడా దానితోపాటు పెరిగి స్పీకర్‌లోకి వస్తుంది. దాన్ని తీసేసి, గెయిన్ 20 దగ్గరే ఉంచి, ముందు ఒక తక్కువ రొద స్టేజి పెట్టడం సరైన మార్పు. దీనికి ఎన్‌ఈ5532 ఐసీలో సగం చాలు. లేదా కొద్దిపాటి కలెక్టర్ కరెంటుతో నడిచే ఒక బీసీ549 ట్రాన్సిస్టర్ అయినా సరిపోతుంది. ఆ స్టేజి దగ్గర పెద్ద విలువ రెసిస్టర్లు వాడకూడదు. 1 కిలోఓమ్ రెసిస్టర్ రూట్ హెర్ట్జ్‌కు 4 నానోవోల్టుల రొద పుట్టిస్తే, 100 కిలోఓమ్‌లది 40 పుట్టిస్తుంది. ఎన్‌ఈ5532 సొంత రొద 5 నానోవోల్టులే కాబట్టి, దాని ముందు 100 కిలోఓమ్‌లు పెట్టి మంచి ఐసీ కొన్నామనుకోవడం వృథా.

ఇదే చోట ఇంకో చిన్న మార్పు చెప్పాలి. మనిషి మాటకు 3 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు, కానీ ఎల్‌ఎం386 వందల కిలోహెర్ట్జ్ దాకా పెంచగలదు. చెవికి పైస్థాయిలో వినపడే ఆ సుయ్‌మనే మోతలో మాటకు పనికివచ్చేది ఏదీ లేదు. ఐసీ ముందు 1 కిలోఓమ్ రెసిస్టర్, 47 నానోఫారడ్ కెపాసిటర్‌తో ఒక ఫిల్టర్ వేస్తే సుమారు 3,400 హెర్ట్జ్ పైన ఉన్నదంతా తగ్గడం మొదలవుతుంది. ఐసీలోనే పుట్టే పైస్థాయి మోతను తగ్గించడానికి, తయారీదారుల డేటాషీట్‌లోనే చూపినట్టు 1, 5 పిన్నుల మధ్య 10 కిలోఓమ్, 0.033 మైక్రోఫారడ్‌లను వరుసగా కలపవచ్చు. 8వ పిన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ రెసిస్టర్ 10 కిలోఓమ్‌లకంటే తగ్గకూడదు, తగ్గితే ఐసీ ఊగిసలాటలో పడుతుంది. 7వ పిన్ నుంచి గ్రౌండ్‌కు ఒక కెపాసిటర్ పెడితే సరఫరా తీగలోని గరగర చాలావరకు ఆగిపోతుంది. చాలా బోర్డుల్లో ఆ పిన్‌ను ఖాళీగా వదిలేస్తారు. ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆ కెపాసిటర్ ఖరీదు ఎంతని?

ఆడియో తరువాత నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది ఐఎఫ్ యాంప్లిఫయర్ చివర. దీని గురించి తెలుగులో రాసినవారు నాకు కనపడలేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మామూలు సూపర్‌హెట్‌లో, అంటే వచ్చిన సిగ్నల్‌ను ముందు ఐఎఫ్ అనే ఒక మధ్య ఫ్రీక్వెన్సీకి మార్చుకునే రిసీవర్‌లో, మిక్సర్ తరువాత క్రిస్టల్ ఫిల్టర్, ఆ తరువాత ఐఎఫ్ యాంప్లిఫయర్, చివర మాటను బయటికి తీసే డిటెక్టర్ ఉంటాయి. ఫిల్టర్ తనకు ముందు పుట్టిన రొదను 2.4 కిలోహెర్ట్జ్‌కు కుదిస్తుంది. కానీ దాని వెనుక ఉన్న యాంప్లిఫయర్ తన సొంత రొదను ఎంతో వెడల్పుగా పుట్టిస్తూనే ఉంటుంది, దానికి అడ్డుపడేది ఆ తరువాత ఏదీ లేదు. బీఎఫ్‌ఓ, అంటే డిటెక్టర్‌కు స్థిరమైన ఫ్రీక్వెన్సీ అందించే ఆసిలేటర్, 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. దానికి 1 కిలోహెర్ట్జ్ పైన ఉన్న రొదా, 1 కిలోహెర్ట్జ్ కింద ఉన్న రొదా డిటెక్టర్‌లో కలిసి ఒకే 1 కిలోహెర్ట్జ్ ధ్వనిగా బయటికి వస్తాయి. మనకు కావలసిన మాట మాత్రం ఒక పక్కనే ఉంటుంది. అంటే అవతలి పక్క రొదను మనం ఊరికే మోస్తున్నాం. లోపలి రొదలో ఐఎఫ్‌ది పెద్ద వాటా అయిన సెట్లలో దీనివల్ల పోయేది 3 డెసిబెల్స్ దాకా ఉంటుంది. ప్రధాన ఫిల్టర్‌కు వాడిన విలువవే క్రిస్టల్స్ రెండు తీసుకుని, డిటెక్టర్‌కు సరిగ్గా ముందు ఒక చిన్న ఫిల్టర్ వేస్తే అవతలి పక్కదీ, దూరానిదీ చాలావరకు పోతుంది. కావలసిన గెయిన్ అప్పటికే వచ్చేసింది గనుక, అక్కడ రెండు మూడు డెసిబెల్స్ నష్టమైనా పట్టించుకోనక్కరలేదు. ఒకే మూటలోని పది క్రిస్టల్స్ కొని, వాటి ఫ్రీక్వెన్సీలు కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని ఏరుకుంటే రెండు ఫిల్టర్లకూ సరిపోతాయి. ఇంత తక్కువ ఖర్చుతో వినికిడిలో ఇంత మార్పు తెచ్చేది రిసీవర్‌లో ఇంకొకటి లేదన్నది నా అభిప్రాయం.

ముందు స్టేజీల విషయంలో గుర్తుంచుకోవలసింది 1944లో రేడియో ఇంజినీర్ ఫ్రిస్ ఇచ్చిన సూత్రం. ఒక స్టేజి రొద మొత్తం మీద ఎంత ప్రభావం చూపుతుందో దాని ముందున్న గెయిన్ నిర్ణయిస్తుంది. గెయిన్ ఎక్కువగా ఉంటే వెనుక స్టేజీల రొద లెక్కలోకి రాదు; నష్టమే ఉంటే ఆ నష్టమంతా నేరుగా నాయిస్ ఫిగర్‌కు కలుస్తుంది. డయోడ్ మిక్సర్‌లో దాదాపు 6 డెసిబెల్స్, క్రిస్టల్ ఫిల్టర్‌లో ఇంకొన్ని పోతాయి కాబట్టి, ఆ ఫిల్టర్ తరువాతి మొదటి ట్రాన్సిస్టర్‌ను జాగ్రత్తగా ఎంచుకుంటే యాంటెన్నా వైపు దేన్నీ ముట్టుకోనక్కరలేదు.

ఆసిలేటర్లూ, పవర్ సప్లై గురించి క్లుప్తంగానే చెబుతాను. ఈనాటి సెట్లలో ఫ్రీక్వెన్సీలను పుట్టించే ఎస్‌ఐ5351 ఐసీ, దాన్ని నడిపే ఆర్డుయినో బోర్డు, ఒక డిస్‌ప్లే ఉంటాయి. ఈ మూడింటికీ రేడియో భాగంతో ఒకే సరఫరా తీగ ఉంటే, డిజిటల్ గోల ఆసిలేటర్‌లోకి ఎక్కుతుంది. దగ్గర్లో బలమైన స్టేషన్ ఉన్నప్పుడు ఆ గోల మన స్టేషన్ మీద రొదగా పరుచుకుంటుంది. వాటికి వేరే రెగ్యులేటర్ ఇచ్చి, రాగిరేకు అంటిన బోర్డు ముక్కలతో ఒక గది కట్టాలి. ఎల్‌ఎం317 రెగ్యులేటర్ వాడేవారు దాని అడ్జస్ట్ పిన్ నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ పెడితే, డేటాషీట్ ప్రకారం రిపుల్‌ను (సరఫరాలోని హెచ్చుతగ్గులను) అడ్డుకునే శక్తి 65 నుంచి 80 డెసిబెల్స్‌కు పెరుగుతుంది. ఆసిలేటర్‌కు జీనర్ డయోడ్‌తో నేరుగా సరఫరా ఇవ్వకూడదు. అది స్వయంగా రొద పుట్టించే వస్తువు. వీటన్నిటికంటే ముందు సెట్టును ఒకసారి 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపి చూడాలి. రొద పోయిందంటే తప్పు గోడకు తగిలించిన ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లైది.

మీ వ్యాసం ఇచ్చిన సలహా సరిపోయే చోటు కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బయటి రొద తగ్గిపోతుంది. నేను పైన చెప్పిన సూత్రమే 145 మెగాహెర్ట్జ్ దగ్గర నివాస ప్రాంతానికి 13 డెసిబెల్స్ లోపే ఇస్తుంది. ఆకాశం వైపు తిప్పిన యాంటెన్నాకు అది ఇంకా తక్కువ. అక్కడ రిసీవర్ ప్రతి డెసిబెలూ లెక్కకు వస్తుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద వెళ్ళిన హామ్‌శాట్ ఉపగ్రహం అదే బ్యాండ్‌లో మాట్లాడేది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద పంపే మాటలనూ, చిత్రాలనూ మన ఊళ్ళ మీదుగా అది పోయే కొద్ది నిమిషాల్లో పట్టుకోవాలనుకునే విద్యార్థులకు ప్రీయాంప్లిఫయర్ నిజంగా అవసరం కావచ్చు. కానీ అది సెట్టు పక్కన కాదు, యాంటెన్నా గడ మీద ఉండాలి. ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వేస్తే ఈ ఫ్రీక్వెన్సీలో సుమారు 3 డెసిబెల్స్, అంటే వచ్చిన సిగ్నల్‌లో సగం, కేబుల్‌లోనే పోతుంది. ఆ నష్టం తరువాత పెట్టిన యాంప్లిఫయర్ దాన్ని తిరిగి తేలేదు. ఎఫ్ఎం కేంద్రాలున్న నగరాల్లో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ను ఆపే ఫిల్టర్ దాని ముందు ఉండాలి. ట్రాన్స్‌మిట్ చేసేవారు ఆ సమయంలో ప్రీయాంప్లిఫయర్‌ను తప్పించే రిలే పెట్టుకోకపోతే మొదటిసారి మాట్లాడగానే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది.

ఈ విషయాన్ని నేను ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. అషర్ ఫర్హాన్ హైదరాబాద్‌లో రూపొందించి అందరికీ ఉచితంగా అందించిన బిట్‌ఎక్స్ అనే రేడియో సెట్టు సర్క్యూట్‌ను ప్రపంచమంతటా హామ్‌లు కట్టుకున్నారు. దాని మొదటి రూపంలో కాయిల్స్ చుట్టడానికి కుళాయి వాషర్లు వాడారు, అంత మామూలు సామానుతో అయ్యే పని అది. ఇలాంటి సెట్టులో ప్రతి ట్రాన్సిస్టరూ కంటికి కనపడుతుంది, ప్రతి స్టేజినీ తాకి, కొలిచి, మార్చవచ్చు. ఇలాంటి పరంపర ఉన్న రాష్ట్రాల్లోని పిల్లలకు, మోత వస్తే ఒక డబ్బా కొని తగిలించమని చెప్పడం నాకు బాధ కలిగించింది. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం హామ్ రేడియో మీదనే బయటి ప్రపంచంతో సంబంధం నిలిపింది. అలాంటి సమయాల్లో అవతలివాడి దగ్గర ఉండేది చిన్న బ్యాటరీ, వంగిపోయిన యాంటెన్నా. ఆ బలహీనమైన మాటను వినాల్సింది మన రిసీవరే.

అందుచేత మీకు రెండు విన్నపాలు. ఆ వ్యాసంలోని ప్రీయాంప్లిఫయర్ సలహా 145 మెగాహెర్ట్జ్, ఆపై బ్యాండ్లకు మాత్రమే వర్తిస్తుందనీ, షార్ట్‌వేవ్‌కు వర్తించదనీ ఒక సవరణ ప్రచురించండి. అలాగే, యాంటెన్నా తీసి లోడ్ పెట్టి కొలిచే పరీక్షను మీ విజ్ఞాన పేజీలో బొమ్మతో సహా వేయండి. పాలిటెక్నిక్‌లలోనూ, ఇంజినీరింగ్ కళాశాలల ఈసీఈ విభాగాల్లోనూ ప్రాజెక్టుల కోసం వెతుక్కునే విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఒక చిన్న రిసీవర్ తీసుకుని, దాని రొదను స్టేజి స్టేజికీ కొలిచి, పైన చెప్పిన మార్పులు ఒక్కొక్కటిగా చేస్తూ ప్రతిసారీ రీడింగ్ రాసుకుంటే అది వారికి మంచి ప్రాజెక్టు అవుతుంది. అన్ని మార్పులూ ఒకేసారి చేయవద్దని మాత్రం వారికి తప్పక చెప్పండి. అలా చేస్తే ఏ మార్పు పనిచేసిందో, ఏది వృథా అయిందో తెలియదు.

భవదీయుడు,
ఒక హామ్ ఆపరేటర్,
కాకినాడ